నిజాంపేట నుంచి రేపల్లెకి మకాం మార్చాం

హైదరాబాద్ శివార్ల నుంచి చిన్న ఊరికి వెళ్ళిపోదామా అని ఆలోచించేవాళ్ళు మా చుట్టాల్లోనే చాలామంది ఉన్నారు. మేం వచ్చేశామని తెలిసి ఫోన్ చేస్తుంటారు. మొదట అడిగేది అద్దె ఎంత అని. తర్వాత ఇంటర్నెట్ వస్తుందా అని. రెండూ తెలుసుకోవాల్సినవే, కానీ నేను చెప్పే వరస వేరు. ముందు మీ పిల్లలు ఏ తరగతిలో ఉన్నారో చూసుకోండి. తర్వాత ఆ ఊళ్ళో తాగే నీళ్ళ సంగతి కనుక్కోండి. ఆ తర్వాత, ఇంట్లో పెద్దవాళ్ళుంటే, గుండె డాక్టరు ఎంత దూరంలో ఉంటాడో అడగండి. ఈ మూడూ కుదిరితే అద్దె, గాలి, ప్రశాంతత అన్నీ లాభం కిందే లెక్క. ఈ మూడింటిలో ఏది కుదరకపోయినా ఎంత తక్కువ అద్దె అయినా దండగే.

మేం ఐదుగురం. నేను, మా ఆయన, అత్తయ్య, పాప, బాబు. నిజాంపేటలో తొమ్మిదేళ్ళు ఉన్నాం. మేం వెళ్ళినప్పుడు అది ఇంకా పంచాయతీ. 2019లో బాచుపల్లి, ప్రగతినగర్‌తో కలిపి కార్పొరేషన్ చేశారు. మా కళ్ళ ముందే ఖాళీ జాగాలన్నీ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లయ్యాయి. రోడ్లు మాత్రం అవే. బాబు స్కూలు వ్యాను ఏడింటికే వచ్చేది. ఎండాకాలం వస్తే బోరు ఎండిపోయి ట్యాంకర్లు తెప్పించుకోవడం, ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలపడం, దాని మీద అసోసియేషన్ మీటింగులో గొడవ. ఇవన్నీ భరించాం. భరించలేకపోయింది రాత్రిపూట వచ్చే ఘాటు వాసన. బాచుపల్లి, నిజాంపేట, ప్రగతినగర్ జనం దాని మీద ఏళ్ళ తరబడి ఫిర్యాదులు చేస్తూనే ఉన్నారు. మా బాబుకి పిల్లికూతలు. నెబ్యులైజర్ మంచం పక్కనే ఉండేది. కిటికీలు మూసుకుని పడుకునే ఇంటికి ఇరవై రెండు వేల అద్దె కట్టడం నాకు అన్యాయంగా అనిపించేది.

రేపల్లె ఎందుకంటే, అత్తయ్య పుట్టిల్లు ఆ చుట్టుపక్కల పల్లెటూరు. అక్కడ మాకు పొలం లేదు, ఇల్లు లేదు. అత్తయ్య చెల్లెలి కుటుంబం ఉంది, అంతే. పాత గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. మరీ పల్లెటూరు కాదు, మున్సిపాలిటీ ఉంది, రైల్వే స్టేషన్ ఉంది. తెనాలి నుంచి వచ్చే రైలు మార్గం అక్కడితో ఆగిపోతుంది. హైదరాబాద్‌లో రాత్రి డెల్టా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి దిగుతాం. మా ఆయన నెలకోసారి ఆఫీసుకి వెళ్ళి రావాలి కాబట్టి ఆ ఒక్క రైలే మా నిర్ణయాన్ని సగం తేల్చేసింది.

అందరికంటే ఎక్కువగా వద్దన్నది అత్తయ్యే. సొంత ఊరి దగ్గరికి వెళ్తున్నామంటే సంతోషిస్తుందనుకునే వాళ్ళకి ఇది వింతగా ఉండొచ్చు. ఆవిడ మాట ఇది: "అమ్మాయ్, పెళ్ళై యాభై ఏళ్ళయ్యాక పుట్టింటి ఊళ్ళో కాపురం పెడితే నలుగురూ ఏమంటారు? కొడుకు ఉద్యోగం పోయిందనుకుంటారు." ఆ రెండో మాట నిజంగానే అన్నారు. వచ్చిన కొత్తలో కూరగాయల కొట్టు దగ్గర, గుడి దగ్గర, చివరికి బాబు స్కూలు గేటు దగ్గర కూడా మా ఆయన ఉద్యోగం ఉందా పోయిందా అని అడిగారు. పగలు ఇంట్లో కనిపించే మగమనిషి పని చేస్తున్నాడంటే నమ్మడం కష్టం. అత్తయ్య దానికి బాధపడింది, నేను పడలేదు. అడిగిన ప్రతిసారీ జవాబు చెప్పాను. కొన్నాళ్ళకి అడగడం మానేసి వాళ్ళ పిల్లల రెజ్యూమేలు పంపించడం మొదలుపెట్టారు.

ఉద్యోగం సంగతి ముందే తేల్చుకున్నాం. ఇంటి నుంచి పని చేసుకోవచ్చని మేనేజర్ నోటిమాటగా అనడం వేరు, హెచ్ఆర్ నుంచి మెయిల్ రావడం వేరు. ఆ మెయిల్ వచ్చేదాకా ఇంటి అడ్వాన్స్ కట్టొద్దని నేను పట్టుబట్టాను. నెలలో కొన్ని రోజులు ఆఫీసుకి వచ్చే షరతు మీద రాసిచ్చారు. నేను చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గర జీఎస్టీ రిటర్నులు వేసే పని చేసేదాన్ని. ఆ పనిలో కొంత ఇంటి నుంచే చేస్తానని ఒప్పించుకున్నాను, జీతం మాత్రం సగం కంటే తగ్గింది. రేపల్లె చుట్టూ రైస్ మిల్లులు, రొయ్యల చెరువులు, మేత దుకాణాలు చాలా ఉన్నాయి. వాళ్ళలో నెలవారీ జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్ళకి 11న జీఎస్టీఆర్ 1, 20న 3బీ తప్పవు. మెల్లగా ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఒకరి మాట మీద ఒకరు రావాలి గానీ బోర్డు పెడితే ఎవరూ రారు.

ఇప్పుడు పిల్లల చదువు. దీని మీద ఎంత రాసినా తక్కువే, ఎందుకంటే తెలంగాణ నుంచి ఆంధ్రకి మారేవాళ్ళలో చాలామందికి లోకల్ లెక్క తెలియదు. ఇంజినీరింగ్, మెడిసిన్ లాంటి సీట్లలో 85 శాతం లోకల్ వాళ్ళవి. లోకల్ అనేది పుట్టిన ఊరిని బట్టి రాదు, తాతగారి పొలం పాస్‌బుక్‌ని బట్టీ రాదు. ఇంటర్ రాసే సంవత్సరంతో కలిపి వెనక్కి వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివారన్నది చూస్తారు. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. మా పాప ఎనిమిది పూర్తి చేసింది. 2024 జూన్‌లో తొమ్మిదో తరగతికి ఆంధ్రలో చేరితే 2028లో ఇంటర్ అయ్యేసరికి నాలుగేళ్ళు సరిపోతాయి. ఒక్క ఏడాది ఆగి పదిలో చేర్చి ఉంటే లెక్క చెడిపోయేది. తెలంగాణలోనూ నాలుగేళ్ళు ఉండవు, ఇక్కడా ఉండవు. అప్పుడు ఎక్కడ లోకల్ అవుతారో తేలక సర్టిఫికెట్లు, టెన్షన్. అందుకే మా ఇంట్లో అందరూ 2025లో వెళ్దామంటే నేను 2024 అని కూర్చున్నాను. గుంటూరు, కృష్ణా, ప్రకాశం నుంచి శ్రీకాకుళం దాకా ఉన్న పాత జిల్లాలన్నీ ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం కిందకే వస్తాయి కాబట్టి రేపు ఇంటర్‌కి తెనాలికో విజయవాడకో పంపినా లోకల్ పోదు. చిన్నవాడు మూడో తరగతి. వాడికి ఈ గొడవ లేదు.

సిలబస్ గురించి భయపడ్డంత లేదు. అక్కడ సీబీఎస్ఈ, ఇక్కడ స్టేట్. కానీ ఆంధ్రలో ఇప్పుడు స్టేట్ సిలబస్‌లో కూడా లెక్కలు, సైన్సు ఎన్సీఈఆర్టీ పుస్తకాలే వాడుతున్నారు. తేడా వచ్చింది తెలుగులో. పాపకి అక్కడ తెలుగు రెండో భాష, వారానికి కొన్ని పీరియడ్లు. ఇక్కడ పద్యాలు, ప్రతిపదార్థాలు, వ్యాకరణం గట్టిగా ఉన్నాయి. మొదటి పరీక్షలో తెలుగులోనే తక్కువ మార్కులొచ్చి ఏడ్చింది. ఇంటి ఓనరు మాస్టారు, తెలుగు పండితుడిగా రిటైరయ్యారు. సాయంత్రాలు పైకి పిలిచి చెప్పారు. డబ్బులిస్తానంటే, "ఏమ్మా, పాఠం చెప్పినందుకు అద్దె పెంచమంటావా?" అన్నారు.

స్కూలు మార్పులో అసలు ఇబ్బంది కాగితాల దగ్గర వస్తుంది. ఇప్పుడు ప్రతి పిల్లవాడికీ పెన్ అనే శాశ్వత విద్యా నంబరు ఉంటుంది, యూడైస్ అనే స్కూళ్ళ ఆన్‌లైన్ రికార్డులో పేరు ఉంటుంది. పాత స్కూలు వాళ్ళు ఆన్‌లైన్‌లో పేరు వదిలితేనే కొత్త స్కూలు వాళ్ళు తీసుకోగలరు. మా పాత స్కూలు టీసీ చేతికిచ్చింది గానీ ఆన్‌లైన్‌లో వదలడానికి చాలా తిప్పింది. ఫీజు బాకీ లేదు, అయినా రేపు మాపు అన్నారు. రాష్ట్రం దాటుతున్నాం కాబట్టి టీసీ మీద విద్యాశాఖ అధికారి సంతకం కూడా కావాలన్నారు. ఇవన్నీ హైదరాబాద్‌లో ఉండగానే పూర్తి చేసుకోవాలి. మూడు వందల కిలోమీటర్ల దూరం నుంచి ఫోన్‌లో ఎవరూ పట్టించుకోరు. టీసీ మీద పుట్టిన తేదీ, ఇంటిపేరు, ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. మా బాబు పేరులో ఒక అక్షరం తేడా ఉంటే అక్కడికక్కడే మార్పించాను.

ఇల్లు వెతకడం హైదరాబాద్ పద్ధతిలో కుదరదు. యాప్‌లలో ఏమీ ఉండవు. టులెట్ బోర్డులు కొన్ని ఉంటాయి, మంచి ఇళ్ళకి అవి కూడా ఉండవు. పిన్నత్తయ్య వాళ్ళబ్బాయి బండి మీద మా ఆయన్ని తిప్పాడు. మెడికల్ షాపులో ఒకరు చెబితే, స్కూలు గుమాస్తా ఇంకొకరి పేరు చెప్పాడు. తిరిగిన ప్రతిచోటా మొదటి ప్రశ్న "మీరేమిట్లు?" అనే. నిజాంపేటలో అడగరని కాదు. అక్కడ మాంసం వండుతారా అని అడిగి మనసులో లెక్క వేసుకుంటారు, ఇక్కడ నేరుగా కులం అడుగుతారు. ఒక ఇంట్లో జవాబు విన్నాక అద్దె పెరిగింది, ఇంకో ఇంట్లో మాట మారింది. చిన్న ఊరు మంచిదని చెప్పేవాళ్ళు ఈ సంగతి దాటేస్తారు. నేను దాటలేను. నా పిల్లలు ఈ ప్రశ్న వింటూ పెరుగుతున్నారు, దానికి ఏం చెప్పాలో ఇంట్లో మేం మాట్లాడుకుంటూనే ఉన్నాం. మాస్టారు ఆ ప్రశ్న అడగలేదు. పిల్లలు ఏ క్లాసు, పుస్తకాలు పెట్టుకోవడానికి అలమారా సరిపోతుందా అని అడిగారు. కింద పోర్షన్, మూడు గదులు, పెరడు, తొమ్మిది వేలు. అప్పుడే ఖాయం చేసుకున్నాం.

ముహూర్తం దగ్గర ఒక చిక్కు వచ్చింది. 2024 వేసవిలో గురు మూఢం, శుక్ర మూఢం రెండూ వచ్చాయి. ఏప్రిల్ ఆఖరు దాటితే జులై దాకా మంచిరోజుల్లేవు. పిల్లలకి స్కూళ్ళేమో జూన్‌లో తెరుస్తారు. అద్దె ఇంటికి మూఢం ఏమిటి అని మా ఆయన అంటాడు. పాలు పొంగించకుండా గడప దాటను అని అత్తయ్య అంటుంది. చివరికి ఏప్రిల్‌లోనే అత్తయ్యని తీసుకెళ్ళి పాలు పొంగించి, దేవుడి పటం, ఒక చాప, బియ్యం, ఉప్పు పెట్టి తాళం వేసి వచ్చాం. సామాను జూన్ మొదట్లో చేరింది. ఖాళీ ఇంటికి అద్దె కట్టాల్సి వచ్చింది గానీ, అత్తయ్య మనసు కుదుటపడటానికి అది పెద్ద ఖర్చేమీ కాదు. అదీ కాక ఆ మధ్యలో మాస్టారు మాకోసం బాత్‌రూముల్లో అత్తయ్య పట్టుకోవడానికి స్టీలు గొట్టాలు బిగించారు, దోమల మెష్ వేయించారు. ఇల్లు ముందే చేతికి రావడం మంచిదే అయింది.

సామానుకి ప్యాకర్స్ వాళ్ళు చెప్పిన రేటు విని, తెలిసినవాళ్ళ డీసీఎం మాట్లాడుకున్నాం. హమాలీలు అక్కడ వేరు, ఇక్కడ వేరు. ఎక్కించే కూలి, దించే కూలి, కట్టలు కట్టే కూలి ముందే వేరువేరుగా మాట్లాడుకోవాలి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ తప్ప మిగతా బరువైనవి చాలావరకు అమ్మేశాం. సోఫా తీసుకురాకపోవడమే మంచిదైంది, ఇక్కడి తేమకి ప్లైవుడ్ సామానంతా ఉబ్బిపోతుంది.

ఇక ఆధార్ అడ్రస్. ఇది కదిలితేనే మిగతావన్నీ కదులుతాయి. అద్దె అగ్రిమెంట్ రిజిస్టరు చేయించి ఉంటే ఆధార్‌కి పనికొస్తుంది. చిన్న ఊళ్ళో ఓనర్లు వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసిస్తారు, రిజిస్ట్రేషన్ అంటే భయపడతారు. మేం గ్యాస్ దారిలో వెళ్ళాం. నిజాంపేటలో సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, టీవీ (టెర్మినేషన్ వోచర్) అని ఒక కాగితం ఇస్తారు, అది తెచ్చుకున్నాం. అది చూపించి ఇక్కడ అదే కంపెనీ ఏజెన్సీలో మా ఆయన పేరు మీద కనెక్షన్ తీసుకున్నాం. ఆ గ్యాస్ బిల్లుతో ఆయన ఆధార్‌లో అడ్రస్ మారింది. తర్వాత మా నలుగురిదీ కుటుంబ పెద్ద ఆధారంగా మార్చుకునే పద్ధతిలో ఆన్‌లైన్‌లోనే అయిపోయింది. ఆయన ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, నెలలోపు ఒప్పుకోవాలి. ఓటు ఫారం 8తో మార్చుకున్నాం. వార్డు సచివాలయంలో హౌస్‌హోల్డ్ మ్యాపింగ్, అంటే ఏ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో రాసుకునే నమోదు, చేయించుకున్నాం. ఆంధ్రలో ఏ సర్టిఫికెట్ కావాలన్నా ముందు ఆ మ్యాపింగ్‌లో మీరున్నారా అని చూస్తారు, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళకి ఇది కొత్త.

కారు విషయం కూడా అడుగుతుంటారు. ఇక్కడ టీఎస్ నంబరు బండ్లు బోలెడు తిరుగుతాయి, ఏమీ కాదులే అంటారు. చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే రిజిస్ట్రేషన్ మార్చాలి. తెలంగాణలో పాత చలాన్లన్నీ కట్టి, లోన్ తీరినట్టు బ్యాంకు కాగితం పెట్టి, అభ్యంతరం లేదనే ఎన్ఓసీ కాగితం తీసుకుని, ఇక్కడ బండి వయసుని బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. మేం కట్టాం. బాధనిపించింది. కానీ రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళతో వాదించే ఓపిక మాకు లేదు.

నీళ్ళ గురించి వివరంగా చెప్పాలి. డెల్టా అంటే నీళ్ళకి కరువేమిటి అనుకుంటాం. ఇంటి ముందు కాలవ పారుతుంటుంది నిజమే. సముద్రం దగ్గర కాబట్టి మా వీధిలో బోరు నీళ్ళు ఉప్పు. ఆ నీళ్ళతో ట్యాపులు తుప్పు పడతాయి, వాషింగ్ మెషీన్ పాడవుతుంది, పప్పు ఉడకదు. తాగడానికి, వంటకి మున్సిపల్ కుళాయి ఉంది, కానీ ఎండాకాలంలో కాలవలకి నీళ్ళు ఆపేస్తే చెరువులో నింపి పెట్టుకున్న నీళ్ళతోనే ఊరంతా గడవాలి. అప్పుడు కుళాయి వచ్చే వేళలు తగ్గుతాయి. అందుకని ఇల్లు చూసేటప్పుడు నేను సంపు ఎంత పెద్దదో, కుళాయి నీళ్ళు నేరుగా సంపులోకి పడతాయో లేదో చూడమని చెప్పి పంపాను. పక్కింటి ఆవిడని అడగమన్నాను కూడా. ఓనరు చెప్పే నీళ్ళ సంగతి ఒకటి, పక్కింటావిడ చెప్పేది ఇంకొకటి.

కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. పెద్ద ఇన్వర్టర్ పెట్టుకున్నాం. ఇంటర్నెట్ రెండు వేరువేరు లైన్లు తీసుకున్నాం, ఒకటి ఫైబర్, ఇంకొకటి మొబైల్ రూటర్. 2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చినప్పుడు రెండూ పనిచేయలేదు. అలాంటి రోజులు ఉంటాయని మా ఆయన తన టీములో ముందే చెప్పి ఉంచాడు.

వచ్చిన మూడో నెలలోనే వరద వచ్చింది. 2024 ఆగస్టు చివర్లో మా ఆయన హైదరాబాద్‌లో ఆఫీసు పని మీద ఉన్నాడు. విజయవాడ మునిగింది. నందిగామ దగ్గర ఐతవరంలో హైవే మీదికి నీళ్ళొచ్చి రోడ్డు ఆగిపోయింది, చాలా రైళ్ళు రద్దయ్యాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు. అవన్నీ మా పక్క నుంచే సముద్రంలోకి పోవాలి. ఊరికి కాస్త దూరంలోనే కృష్ణ కరకట్ట. అక్కడ నీళ్ళు కారుతున్నాయని, ఇక్కడ ఇసుక బస్తాలు వేస్తున్నారని రాత్రంతా కబుర్లు. ఇంట్లో నేను, అత్తయ్య, ఇద్దరు పిల్లలు. 1977 ఉప్పెన అత్తయ్యకి బాగా గుర్తు. ఆవిడ పడుకోలేదు. ఆధార్‌లు, సర్టిఫికెట్లు, మందులు ఒక సంచిలో పెట్టి, "మాస్టారి డాబా మీదికి ఎక్కేద్దాం, నీళ్ళు ఇంత ఎత్తు వస్తే చాలు, ఆలస్యం చేయకూడదు" అని గోడ మీద చెయ్యి పెట్టి చూపించింది. నిజాంపేటలో నాకు ఏ భయం వచ్చినా ఫోన్ చేయడానికి ముగ్గురో నలుగురో ఉండేవాళ్ళు, వాళ్ళూ మూడు సిగ్నళ్ళ అవతల. ఆ రాత్రి మా వీధిలో ఎవరూ తలుపు వేసుకోలేదు. పేరు కూడా తెలియని వాళ్ళు వచ్చి, ముసలావిడ ఉంది కదా, నడిపించాల్సి వస్తే మమ్మల్ని పిలువు అని చెప్పి వెళ్ళారు. కట్ట నిలబడింది. లంక గ్రామాలు మాత్రం మునిగాయి, అరటి, పసుపు, కంద పొలాలు పోయాయి. తర్వాత కొన్నాళ్ళు మా వీధి ఆడవాళ్ళం పులిహోర పొట్లాలు కట్టాం. ఆ వంటల దగ్గరే నాకు ఈ ఊళ్ళో స్నేహాలు కలిశాయి. మొన్నటిదాకా నా భర్త ఉద్యోగం గురించి గుచ్చి గుచ్చి అడిగినావిడే ఇప్పుడు నాకు బాగా దగ్గర మనిషి.

ఆస్పత్రి సంగతి. అత్తయ్యకి బీపీ, షుగర్, గుండెలో ఒక స్టెంట్. మామూలు జ్వరానికి, షుగర్ పరీక్షకి ఇక్కడ సరిపోతుంది. గుండెకి సంబంధించింది ఏదైనా తెనాలి 35 కిలోమీటర్లు, గుంటూరు 60. మంగళగిరి ఎయిమ్స్ కూడా ఉంది, ఓపీ ఫీజు పది రూపాయలు, కానీ తెల్లవారకముందే బయల్దేరి లైన్లో నిలబడాలి. ఆవిడ పాత రిపోర్టులు, స్టెంట్ కార్డు ఒక ఫైలులో పెట్టి తెనాలిలో ఒక కార్డియాలజిస్టుకి, జబ్బు ఏమీ లేనప్పుడే, ఒకసారి చూపించాం. అర్ధరాత్రి తీసుకెళ్తే ఎవరి పేరు చెప్పాలో తెలిసి ఉండాలి. కంపెనీ ఇన్సూరెన్స్ ఏ ఆస్పత్రిలో క్యాష్‌లెస్ పనిచేస్తుందో కూడా అప్పుడే రాసుకున్నాం. ఒకసారి నిజంగానే ఛాతీలో నొప్పి అంది. 108 వచ్చింది, తెనాలి చేరడానికి ముప్పావు గంట పైనే పట్టింది. గ్యాస్ నొప్పి అని తేలింది. ఆ ముప్పావు గంట మాత్రం ఎవరికైనా చెప్పేటప్పుడు దాచకుండా చెబుతాను. గుండె సంగతి సీరియస్‌గా ఉన్న పెద్దవాళ్ళని తీసుకుని ఇంత దూరం రావద్దు.

బాబు పిల్లికూతలు బాగా తగ్గాయి. పూర్తిగా పోలేదు. సంక్రాంతికి ముందు వరి నూర్పిళ్ళ దుమ్ము లేచినప్పుడు నెబ్యులైజర్ మళ్ళీ బయటికి వస్తుంది. మిగతా ఏడాదంతా అలమారాలోనే ఉంటుంది.

పాపకి మాత్రం ఊరు కష్టమైంది. పద్నాలుగేళ్ళ పిల్లని స్నేహితుల నుంచి విడదీయడం చిన్న విషయం కాదు. ఈత నేర్చుకునే చోటు లేదు, సైకిల్ మీద ఒంటరిగా వెళ్తే ఎవరో ఒకరు అత్తయ్యకి ఫోన్ చేసి మీ మనవరాలు ఫలానా వీధిలో కనపడింది అని చెబుతారు. అది చెప్పేవాళ్ళకి కాపలా, దానికి నిఘా. నేను సైకిల్ ఆపలేదు. ఎవరు చెప్పినా, "అవునండీ, ట్యూషన్‌కి వెళ్తోంది" అని ఊరుకున్నాను. సెలవుల్లో నిజాంపేట స్నేహితురాలి ఇంటికి పంపిస్తున్నాం, వాళ్ళ అమ్మాయి ఇక్కడికి వస్తుంది. వచ్చినప్పుడు నిజాంపట్నం హార్బరుకి తీసుకెళ్తాం, పెనుమూడి వంతెన మీదుగా మోపిదేవి గుడికి వెళ్తాం. ఇప్పుడు స్కూల్లో ఇద్దరు దగ్గర స్నేహితులున్నారు. నాకిష్టం అని అననూ లేదు, వెళ్ళిపోదాం అనడం మాత్రం మానేసింది.

ఖర్చు అడుగుతారు కాబట్టి అది కూడా. అద్దె, మెయింటెనెన్స్, స్కూలు ఫీజులు, వ్యాన్లు అన్నీ కలిపి నెల ఖర్చు దాదాపు సగానికి వచ్చింది. నా జీతం తగ్గడం, ఆయన ప్రయాణాలు, ఇన్వర్టర్, కారు ట్యాక్స్ అందులోంచి తీసేస్తే మొదటి ఏడాది మిగిలింది పెద్దగా ఏమీ లేదు. రెండో ఏడాది నుంచి మిగులుతోంది. మొదటి ఏడాదిలోనే డబ్బు మిగులుతుందనుకుని వస్తే నిరాశపడతారు. మిగిలింది టైము. సాయంత్రం ఆరింటికి ఐదుగురం ఇంట్లో ఉంటాం.

ఈ మార్చిలో పాప పది పరీక్షలు రాస్తుంది. ఇంటర్‌కి ఇక్కడి పిల్లల్ని చాలామంది గుంటూరు, విజయవాడ హాస్టళ్ళకి పంపేస్తారు. మా ఆయనకి అదే ఇష్టం. పిల్లని హాస్టల్లో వేయడానికైతే ఇంత దూరం ఎందుకు వచ్చామని నేను. తెనాలికి పొద్దున రైలు ఉంది, రోజూ వెళ్ళి రావచ్చు, మాస్టారి మనవడు అలాగే చదివాడు. పాప రెండు కాలేజీలూ చూసి చెబుతానంది. పరీక్షలు అవగానే ఇద్దరం దాన్ని తీసుకుని వెళ్ళి చూసొస్తాం.